ఆ గాజులు ఉండింటే

2025 కార్తీకమాసంలో బంధువుల గృహప్రవేశానికి తాడిపత్రి వెళ్లాం. బంతిలో నా పక్కన కూర్చున్న మా పెద్దమ్మ ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటూ నా చేతుల వైపు ఒకసారి చూసి, "ఏం పాపా, ఆ నాలుగు గాజులూ ఉండింటే ఈపొద్దు ఎంతయ్యుండునో ఎప్పుడన్నా లెక్కేసినావా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఎదుటి వరుసలో ఎవరో గ్రాము ధర చెప్పారు, ఇంకెవరో దాన్ని నలభైతో హెచ్చించారు, చారు వడ్డించే వేళకు నేనెంత పోగొట్టుకున్నానో బంతి మొత్తానికీ తెలిసిపోయింది. పెద్దమ్మది ఎత్తిపొడుపు కాదు. ఆ గాజులు నా పెళ్లికి ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఒక రోజంతా తిరిగి కొనిపించింది ఆమే కాబట్టి, ఆమెకు నిజంగానే కడుపు మండింది.

లెక్క వేశాను. ఒకసారి కాదు, ఆ ఏడాది ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం లక్ష రూపాయలు దాటిన రోజు నుంచి చాలాసార్లు వేశాను. వేసిన ప్రతిసారీ కొంచెం కుంగిపోయాను కూడా. అయినా, తాకట్టులో పెట్టిన బంగారానికి ఏళ్ల తరబడి వడ్డీ కట్టుకుంటూ పోవడం కంటే దాన్ని అమ్మి బాకీ తీర్చడమే మా ఇంటికి సరైన పని అని 2023లో నేను పట్టిన పట్టును ఈ రోజుకూ విడవలేదు. ఖర్చులు రాసుకోవాలి, ఇంట్లో అక్కరలేనివి అమ్ముకోవాలి, ఖాళీ వేళల్లో నాలుగు రూపాయలు సంపాదించుకోవాలి అని అప్పుల గురించి మాట్లాడే ప్రతివారూ చెప్పే మూడు మాటలూ మేము పాటించాం, వాటి వల్ల మేలే జరిగింది. అయితే ఆ మాటలు చెప్పేవాళ్లు "అక్కరలేనివి" అనగానే అటక మీదికే చూస్తారు, బీరువా వైపు చూడరు. నా తగువు అక్కడే.

అసలు, వడ్డీ ఒకటైన రోజు

నేను అనంతపురంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. ఏటా పిల్లల చేత బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు చేయిస్తాను. అలాంటి నేను మా ఇంటి వడ్డీ ఎంతో 2023 సంక్రాంతి సెలవుల దాకా కూడి చూడలేదు. చూడకపోవడానికి కారణం తెలియకపోవడం కాదు, భయం. ఒక్కొక్క బాకీని విడివిడిగా తలుచుకుంటే భరించగలిగినట్టే ఉంటుంది.

ఆ రోజు నోటుపుస్తకంలో రాసినవి ఐదు. క్రెడిట్ కార్డు మీద 1,18,000. బ్యాంకు పర్సనల్ లోను మిగిలింది 2,10,000. మా ఆయన సొంతూరి పెద్దాయన దగ్గర ప్రోనోటు మీద 1,50,000. నా గాజులు తాకట్టు పెట్టి తెచ్చింది 1,20,000. మా అక్క దగ్గర చేబదులు 25,000. మొత్తం 6,23,000. అంతకంటే నన్ను ఎక్కువ కదిలించింది పక్క గళ్లలో రాసిన నెలవడ్డీ. కార్డుకు నెలకు మూడున్నర శాతం, ఆ వడ్డీ మీద పద్దెనిమిది శాతం జీఎస్టీ కలిపితే 4,873. నోటుకు రెండు రూపాయల వడ్డీ కింద 3,000. లోనులో ఆ నెల వడ్డీ భాగం 2,625. బంగారానికి రూపాయి వడ్డీ కింద 1,200. అక్కది వడ్డీ లేనిది. కూడితే 11,698. మా ఇద్దరి జీతాలూ కలిపి అప్పట్లో 45,000. అంటే నెలలో మొదటి వారం రోజులు మేమిద్దరం వడ్డీ కోసమే పనిచేస్తున్నామన్న మాట.

ఆ ఐదింటిలో నోటు కథ కొంచెం చెప్పాలి. 2018లో మామగారి గుండె ఆపరేషన్‌కు తెచ్చింది తొంభై వేలే. అప్పిచ్చిన పెద్దాయన మంచివాడు, ఒక్కనాడు గట్టిగా అడిగిన పాపాన పోలేదు. ఆయన అడగలేదు కదా అని మేమూ కట్టలేదు. ప్రోనోటుకు చట్టప్రకారం మూడేళ్లే ఆయుష్షు, ఆలోగా వెనకవైపు చెల్లు అయినా రాయించుకోవాలి, లేదా కొత్త నోటైనా రాయించుకోవాలి. అందుకని 2021 నవంబరులో ఆయన తెల్లకాగితం, రూపాయి రెవెన్యూ స్టాంపు తానే తెచ్చుకుని మా ఇంటికి వచ్చాడు. నెలకు 1,800 చొప్పున ముప్పయ్యారు నెలలకు వడ్డీ 64,800. అసలుతో కలిపి 1,54,800. చేతిలో ఉన్న 4,800 ఇచ్చి మిగిలిన లక్షన్నరకు నోటు తిరగరాశాం. కాఫీ తాగి, మామగారి ఆరోగ్యం అడిగి, ఆయన వెళ్లిపోయాడు. ఎవరూ ఎవరినీ నొప్పించలేదు. తొంభై వేల మీద నడిచే వడ్డీ మరునాటి నుంచి లక్షన్నర మీద నడిచింది. ఎనిమిదో తరగతికి నల్లబల్ల మీద చెప్పే చక్రవడ్డీ మా ఇంట్లో మూడేళ్లకు ఒకసారి, కాఫీ గ్లాసుల మధ్య జరుగుతోందని సంక్రాంతి నాడు గానీ నాకు తట్టలేదు.

అటక మీది పేర్లు

ముందు అందరూ చెప్పినట్టే అటక దించాం. మా సీమలో ఏ ఇంటి అటక చూసినా స్టీలు సామాన్లే ఉంటాయి. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, సీమంతాల్లో చదివించినవి. బేసిన్లు, డబరాలు, టిఫిన్ డబ్బాలు, ఒకే రకం గిన్నెలు ఆరేడు. ప్రతిదాని అంచు మీదా చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేరు, ఊరు, తేదీ. వాటిని వాడరు, పారేయరు, ఇంకొకరికి చదివించడానికీ పనికిరావు, ఎందుకంటే పేరుంటుంది. ఇరవై ఏళ్లుగా వాటి మీద దుమ్ము తుడవడం తప్ప నేను చేసింది లేదు.

పాతూరులో పాత సామాన్లు కొనే అంగడికి ఆటోలో వేసుకుని వెళ్లాం. అంగడాయన ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ ఒక ఇత్తడి బిందె దగ్గర ఆగి, దాని మెడ మీది పేరు పైకి చదివి, "ఇది మీదేనామ్మా?" అని అడిగాడు. దొంగసామాను కూడా అమ్మకానికి వస్తుందట, అందుకని పేరున్న వాటిని అడగకుండా కొనడట. మా మేనత్తదని చెప్పాను. "ఏ కార్యానికి ఇచ్చినారు?" అన్నాడు. నా కూతురి నామకరణానికి అన్నాను. ఏడాది అడిగితే చెప్పాను. బిందె మీద ఉన్న తేదీతో సరిపోయిందని తృప్తిపడి తక్కెట్లో పెట్టాడు. చచ్చిపోయిన మేనత్త పేరును తూకం వేయించుకోవడానికి నేను సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. స్టీలు కిలో యాభై, ఇత్తడి కిలో మూడువందల ఎనభై. అన్నీ కలిపి 14,600 వచ్చాయి. మూలపడి ఉన్న పాత స్కూటీ అమ్మితే ఇంకో 18,000.

ఇత్తడి గుండిగ దగ్గర మాత్రం అత్తమ్మ అడ్డుపడింది. ఇంట్లో పెద్ద వంట పడితే ఏం చేస్తావంది. పెద్ద వంటలకు ఇప్పుడు అద్దె సామాన్లు వస్తాయని తెలిసీ అడిగింది, తెలిసే నేనూ వాదించలేదు. గుండిగ ఇంకా ఉంది.

ఇంతటి శ్రమకు వచ్చింది 32,600. మా బాకీలో ఇరవయ్యో వంతు కంటే కొంచెం ఎక్కువ. ఇల్లు తేలికపడింది, ఊపిరి ఆడింది, నిజమే. కానీ ఆ రోజు ఇంటికి తిరిగి వస్తూ ఆటోలో నాకొక సంగతి తట్టింది. మేనత్త బిందె అమ్మడానికి అడ్డురాని మనసు, తాకట్టు దుకాణం లాకరులో రెండేళ్లుగా పడి ఉన్న గాజుల దాకా వచ్చేసరికి ఎందుకు ఆగిపోతోంది? వాడని వస్తువంటే అది కాదా?

పద్దు చూపించినవి

మూడు నెలలు ప్రతి రూపాయీ రాశాం. పాలు, కూరగాయలు, కాఫీపొడి దగ్గర తగ్గించేది పెద్దగా కనిపించలేదు. మధ్యతరగతి ఇంట్లో ఆ పద్దులు ఎప్పుడో ఎండిపోయి ఉంటాయి. దుబారా ఉన్న చోటు వేరు. 2022లో మేము పోయివచ్చిన కార్యాలు పదిహేడు. చదివింపులు, చీరలు, చార్జీలు, ఒకటి రెండు చోట్ల ఉంగరాలు కలిపి 38,400. అందులో సగం పైగా కార్డు మీద గీకినవే. చదివించిన వెయ్యినూటపదహారుకు నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ కడుతున్నామని ఆ పెళ్లికొడుక్కి తెలియదు, తెలిసినా వాడేం చేస్తాడు?

ఇక్కడ చదివింపులు మానేయమని రాయడం సులువు. నేను మానలేదు. ఎందుకంటే చదివింపు కూడా ఒక బాకీయే, ప్రతి ఇంట్లో దానికొక పుస్తకం ఉంటుంది, మా పెళ్లికి ఎవరెంత రాయించారో అత్తమ్మ పుస్తకంలో ఈ రోజుకూ ఉంది. మనకు వచ్చినదాన్ని పదేళ్లకో పదిహేనేళ్లకో తిరిగి ఇస్తాం, వడ్డీ లేకుండా. మా మామగారు ఆస్పత్రిలో ఉన్న రాత్రి కాగితం కలం లేకుండా డబ్బు తెచ్చి చేతిలో పెట్టింది కూడా ఆ పుస్తకంలో పేర్లున్న మనుషులే. కాబట్టి ఒక్కటే మార్పు చేశాం. వాళ్లెంత రాయించారో చూసి అంతే రాయించడం, ఉంగరాలు మానుకోవడం, ఇంటిల్లిపాదీ కాకుండా ఒక్కరే బస్సులో పోయిరావడం. మొదటి ఏడాది నలుగురూ నాలుగు మాటలు అన్నారు. రెండో ఏడాది మా తోడికోడలు కూడా అలాగే చేసింది. దీంతోపాటు మిగతా చిల్లర మల్లర సర్దుబాట్లు కలిసి నెలకు ఐదువేల దాకా మిగిలాయి.

కుచ్చులు

ధర్మవరం దగ్గర ఉండడం వల్ల మా ఊళ్లో పట్టుచీరలకు కుచ్చులు వేసే పని ఎప్పుడూ దొరుకుతుంది. కొంగు అంచున విడిచిన పోగుల్ని విడదీసి, పూసలు కట్టి, ముడులు వేయాలి. చీరకు రెండువందల యాభై నుంచి నాలుగువందలు. సాయంత్రం పదో తరగతి పిల్లలకు ట్యూషను, రాత్రి తొమ్మిది తర్వాత కుచ్చులు. సగటున నెలకు నాలుగున్నర వేలు వచ్చేవి.

దీని గురించి ఒక నిజం చెప్పాలి. మొదటి మూడు నెలలూ ఈ సంపాదన నుంచి బాకీకి వెళ్లింది దాదాపు ఏమీ లేదు. నేను పనిలో పడ్డాక రాత్రి కూరలు కర్రీ పాయింటు నుంచి వచ్చేవి, అలసిపోయానని ఆటో ఎక్కేదాన్ని, "రాత్రింబగళ్లు కష్టపడుతోంది కదా" అని మా ఆయన ఏదో ఒకటి కొనుక్కొచ్చేవాడు. వచ్చే రూపాయి తనతోపాటు తన ఖర్చును కూడా చేయిపట్టుకుని తీసుకొస్తుంది. పద్దు రాస్తున్నాం కాబట్టి పట్టుబడింది. ఆ తర్వాత కుచ్చుల డబ్బు ఇంట్లోకి రాకుండా నేరుగా కార్డు బాకీకి కట్టేయడం మొదలుపెట్టాం. అప్పుడు గానీ అది కనిపించలేదు. రెండో సంగతి, నా మెడ. రాను రాను తల వంచితే చేతిలోకి నొప్పి దిగేది. పూసలు ఎక్కించడానికి నా కూతురు కూర్చునేది, దాని చదువు వేళలో. చిన్న సంపాదన గురించి గొప్పగా చెప్పేవాళ్లెవరూ మెడ గురించి చెప్పరు. మనిషి ఒంట్లో నుంచి తీసే డబ్బుకు ఒక హద్దుంటుంది. ఇంట్లో బంగారం ఉంచుకుని ఒంట్లో నుంచి తీయడం నాకు న్యాయంగా తోచలేదు.

ఆపద్ధనం

గాజులు అమ్ముదామని నేనంటే మా ఆయన ఒప్పుకోలేదు. "బంగారం ఆపద్ధనం, ఆపద వచ్చినప్పుడు తియ్యాలి" అన్నాడు. ఆపద వచ్చి నాలుగేళ్లయిందని నేనన్నాను. అత్తమ్మ మాట్లాడలేదు గానీ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

ఆయన రెండో వాదన గట్టిది, దానికి ఈ రోజుకూ నా దగ్గర అంకెల్లో సమాధానం లేదు. బంగారం ధర పెరిగింది కాబట్టి అదే గాజుల మీద ఇంకో నలభై వేలు అదనంగా ఇస్తారు, రూపాయి వడ్డీకి తెచ్చి మూడున్నర శాతం కార్డుకు కట్టేస్తే సరిపోతుంది, గాజులూ ఉంటాయి, వడ్డీ మూడో వంతుకు పడిపోతుంది అన్నాడు. లెక్కల టీచరుగా నేను దాన్ని తప్పనలేను. అయితే 2021లో గాజులు తాకట్టు పెట్టింది కూడా సరిగ్గా అందుకే. అప్పుడు కార్డు పూర్తిగా సున్నా అయింది. ఐదు నెలలు సున్నాగా ఉంది. ఆ తర్వాత మళ్లీ నిండింది, గాజుల మీది బాకీ అలాగే ఉంది. ఒక బాకీని ఇంకో చోటికి మార్చితే పాత చోటు ఖాళీ అవుతుంది, ఖాళీగా ఉన్న చోటును మా ఇల్లు నింపకుండా ఉండలేదు. ఇది గణితం కాదు, మా స్వభావం. మీ ఇంటి స్వభావం వేరైతే మా ఆయన చెప్పిందే మీకు మేలు.

2023 మార్చిలో, ఒక శనివారం, గాజులు విడిపించాం. విడిపించడానికి వడ్డీతో కలిపి 1,27,200 కావాలి, అమ్మితే గానీ డబ్బు రాదు, విడిపిస్తే గానీ అమ్మడానికి లేదు. మా బావ దగ్గర ఒక పూటకు చేబదులు తీసుకుని, పదకొండు గంటలకు కట్టి, సాయంత్రం నాలుగింటికి తిరిగి ఇచ్చాం. బాకీ తీర్చడానికి చేసిన బాకీ, దాన్ని కూడా నోటుపుస్తకంలో రాశాను.

బంగారు అంగట్లో కుర్రవాడు గాజుల్ని గీటురాయి మీద గీసి, ద్రావకం చుక్క వేసి చూశాడు. లోపల లక్క ఉందేమోనని ఒక గాజును కట్టరుతో తెగ్గొట్టాడు. చిన్న చప్పుడు, ఎండిన కందికట్టె విరిగినట్టు. నా కూతురు నా చెయ్యి పట్టుకుంది. లక్క లేదు గానీ అతుకులు, అరుగుదల తీసేసి నలభై గ్రాములను 38.2గా తేల్చాడు. గ్రాముకు 5,300 చొప్పున కట్టి రెండు లక్షల రెండువేలు చేతిలో పెట్టాడు. తాకట్టు బాకీ పోగా మిగిలినదాంట్లో 74,800 ఆ రాత్రే కార్డుకు కట్టాను. స్కూటీ, సామాన్ల డబ్బు అప్పటికే దానికి పోయింది కాబట్టి మే నెలకు కార్డు ముగిసింది. కార్డును మా ఆయన చేతే కత్తిరింపించాను.

అక్కడి నుంచి మిగతాది వేగంగా నడిచింది, దాన్ని సాగదీయను. కార్డుకు, గాజులకు పోయే ఆరువేల వడ్డీ, పద్దులో మిగిలిన ఐదువేలు, కుచ్చుల నాలుగున్నర వేలు, అన్నీ కలిపి నోటు మీద పెట్టాం. 2024 ఉగాదికి ముందు పెద్దాయన మా ఎదుటే నోటు చించి స్టాంపు ముక్క నా చేతిలో పెట్టాడు. పర్సనల్ లోనును ముందుగా మూసేస్తే పడే అదనపు రుసుము చూసి దాని వాయిదాలు దాన్నే కట్టనిచ్చాం. అది 2025 ఫిబ్రవరిలో శివరాత్రి ముందు ముగిసింది. మా అక్క పాతికవేలు మాత్రం వడ్డీ లేదు కదా అని చివరి దాకా ఆపాను, లెక్క ప్రకారం అది సరైన వరుసే. ఆ మధ్యలో అక్క తన కొడుకు కాలేజీ ఫీజుకు రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చిందని, నన్ను అడగడానికి మొహమాటపడిందని తర్వాత తెలిసింది. నేను కట్టని వడ్డీ మా అక్క కట్టింది. ఆ ఒక్క విషయంలో నా వరుస తప్పు.

వదిన అడిగిన ప్రశ్న

పెద్దమ్మ అడిగినదాని కంటే మా వదిన అడిగింది నన్ను ఎక్కువ రోజులు వెంటాడింది. "ఇల్లు ఆయన పేరున, స్థలం మామగారి పేరున, కార్డు ఆయనది, నోటు ఆయనది. నీ పేరున ఉన్నది ఆ నాలుగు గాజులే. వాటితో వాళ్ల బాకీలు తీర్చినావు" అంది. స్త్రీధనం మీద భార్యకే హక్కని చట్టం ఎంత స్పష్టంగా చెప్పినా, మన ఇళ్లలో ఆ హక్కును ముందు తాకట్టు దుకాణంలో పెట్టి, ఆ తర్వాత మరిచిపోతారు. వదిన మాట తప్పు కాదు. అమ్మడం వల్ల ఆడవాళ్లకున్న ఒక్క ఆధారమూ పోతుందన్న భయాన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ఇంట్లో మాట చెల్లని ఆడమనిషికి నా సలహా ఇవ్వను కూడా.

కానీ నా మటుకు నేను వేసుకున్న ప్రశ్న వేరు. తాకట్టులో ఉన్న ఆ రెండేళ్లూ గాజులు ఎవరివి? ఆపద వస్తే తీసి అమ్మే వీలు నాకు లేదు, ఎందుకంటే ముందు లక్షా పాతికవేలు తేవాలి. రెండు వాయిదాలు తప్పితే వేలం నోటీసు వచ్చేది నా పేరుకు కాదు, లోను ఉన్న మా ఆయన పేరుకు. చేతికి వేసుకోవడానికి లేదు. పేరుకు నాది అనిపించుకోవడం తప్ప వాటితో నాకు మిగిలిందేమిటి? అమ్మే ముందు నేనొక షరతు పెట్టాను. బాకీలన్నీ తీరిన మరుసటి నెల నుంచి నెలకు రెండువేలు పోస్టాఫీసులో నా ఒక్కదాని పేరున ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) కట్టాలి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. 2025 మార్చి నుంచి కడుతున్నాం.

పెద్దమ్మ లెక్క

ఇక పెద్దమ్మ లెక్క. 2025 నవంబరులో గ్రాము పదకొండున్నర వేలు అనుకుంటే 38.2 గ్రాములకు 4,39,300. నాకు వచ్చింది 2,02,460. తేడా 2,36,840. ఇదీ బంతిలో తేలిన నష్టం.

ఇంకో వైపు, అమ్మకపోయి ఉంటే ఈ ముప్పై రెండు నెలల్లో గాజుల మీద వడ్డీ 38,400. కార్డుకు కట్టిన 74,800 కట్టకుండా వదిలేస్తే, నెలనెలా వడ్డీ అసలులో కలుస్తూ జీఎస్టీతో సహా పెరిగేది లక్షా తొంభై ఎనిమిది వేలు. రెండూ కూడితే రెండు లక్షల ముప్పయ్యారు వేల చిల్లర. చూశారా, సరిసమానం! మొదటిసారి ఈ లెక్క తేలినప్పుడు నేను లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. తర్వాత సిగ్గుపడ్డాను, ఎందుకంటే ఇది నాకు కావలసినట్టు వేసుకున్న లెక్క. కార్డు బాకీని ముప్పై రెండు నెలలు ఎవరూ అలా వదిలేయరు. కుచ్చుల డబ్బుతో, పద్దులో మిగిలిన దానితో ఏడాదిలో ఎలాగోలా తీర్చేవాళ్లమే. అలా అనుకుంటే నేను పోగొట్టుకున్నది లక్షన్నర పైమాటే. ఒప్పుకుంటాను.

అయినా పట్టు విడవకపోవడానికి కారణం మా బడిలో సైన్సు చెప్పే టీచరు. నాకంటే చిన్నది, అక్కా అని పిలుస్తుంది. తన మూడు తులాల గొలుసు 2021లో తొంభై వేలకు తాకట్టు పెట్టింది. 2023లో ధర పెరిగితే అదే గొలుసు మీద లక్షా పదిహేను వేలకు తిరగరాయించింది. 2025 వేసవిలో లక్షా తొంభై వేలు. మొన్న స్టాఫ్ రూములో సంతోషంగా, "ఈసారి రేటు బాగుందక్కా, చాలా ఎక్కువ ఇచ్చినారు" అంది. ఇచ్చినారు! గొలుసు అదే, తులాలు అవే, నాలుగేళ్లలో గ్రాము ధర రెండింతలైంది, ఆమె బాకీ కూడా రెండింతలైంది. ధర పెరిగినప్పుడు లాభం రావాలంటే అమ్మాలి. అమ్మడం నామోషీ అయిన ఇంట్లో ధర పెరగడమంటే ఇంకా పెద్ద బాకీ పుట్టడమే. మా ప్రోనోటు మూడేళ్లకు ఒకసారి చేసిన పనిని ఆమె గొలుసు రేటు పెరిగినప్పుడల్లా చేస్తోంది, ఇది వడ్డీ పెరగడం కాదు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు. రెండున్నర లక్షల లోపు బంగారు రుణాలకు విలువలో 75 శాతం బదులు 85 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో నిబంధన మార్చింది, దాన్ని 2026 ఏప్రిల్ ఒకటి లోగా అమల్లో పెట్టాలంది. వడ్డీవ్యాపారి గడప తొక్కే అవసరం లేకుండా అత్యవసరంలో ఉన్నవాళ్లకు అది మేలే, కాదనను. కానీ మా సైన్సు టీచరు అప్పుడే ఏప్రిల్ నెల లెక్క వేసుకుంది.

కాబట్టి బంతిలో వేసిన లెక్కలో ఒక తప్పుంది. గాజులు ఉండి ఉంటే నాలుగు లక్షల ముప్పై తొమ్మిది వేలు నా దగ్గర ఉండేవని పెద్దమ్మ అనుకుంటోంది. మా ఇల్లు నాకు తెలుసు. గాజులు తాకట్టు దుకాణంలోనే ఉండేవి, వాటి మీద బాకీ మూడు లక్షలు ఉండేది, ఆ మూడు లక్షలు ఏ పెళ్లికి, ఏ ఫీజుకు, ఏ బైకుకు పోయాయో చెప్పడానికి నోటుపుస్తకం కూడా ఉండేది కాదు. అలా జరిగేది కాదని ఎవరైనా వాదిస్తే నిరూపించలేను. 2021లో ఐదు నెలలు సున్నాగా ఉన్న కార్డును మాత్రం చూపించగలను.

ఇదంతా తాడిపత్రిలో చెప్పలేదు. ఓళిగ చల్లారిపోతోందని పెద్దమ్మే తొందరపెట్టింది. పోస్టాఫీసు ఆర్‌డీలో 2025 నవంబరుతో తొమ్మిది వాయిదాలు, పద్దెనిమిది వేలు జమయ్యాయి. అప్పటి ధరకు దాంతో వచ్చేది గ్రామున్నర బంగారం. ఆ సంగతి కూడా పెద్దమ్మకు చెప్పలేదు.